మెల్లిగా పోతే ఆగిపోయే బండి



పోయిన భాగంలో మా తాత చెప్పులు చేతిలో పట్టుకుని ఊరి బజారు దాటిన సంగతి రాశాను. దాని తరువాయి రాద్దామని కూర్చుంటే ఒక మోటార్ సైకిల్ అడ్డమొచ్చింది. ఈ భాగమంతా దాని గురించే. "ఏంది సార్, ఉద్యమం ఒదిలేసి మెకానిక్ షెడ్డు పెట్టారా" అని అడిగే తమ్ముళ్లు ఉంటారు. కాస్త ఓపిక పట్టండి, ఈ బండి కూడా ఆ బజారులోనే ఆగిపోయింది.

నాకు పెద్ద బండంటే పిచ్చి. డిగ్రీలో ఉండగా హాస్టల్ గోడ మీద బాబాసాహెబ్ పటం పక్కన నేను అంటించుకున్నది హీరోయిన్ బొమ్మ కాదు, ఒక రెండు సిలిండర్ల బండి బొమ్మ. పీహెచ్‌డీ అయ్యి, గెస్ట్ లెక్చరర్‌గా గంటల లెక్కన బతికి, ఆఖరికి పర్మినెంటయ్యాక లోను పెట్టి ఒక పాత బండి కొన్నాను. 2018 మోడలు, ఆరువందల యాభై సీసీ, రెండు సిలిండర్లు. కంపెనీ పేరు చెప్పను, తప్పు కంపెనీది కాదు కూడా. స్టాఫ్ రూములో ఒకాయన నవ్వుతూనే అన్నాడు: "కోటాలో ఉద్యోగం, లోనులో బండి, మీ పనే బాగుందయ్యా." ఆయన కారు కూడా లోనుదే. ఆ ముక్క నాకు ఇంటికెళ్లాక తట్టింది. ఇలాంటి జవాబులు నాకెప్పుడూ ఇంటికెళ్లాకే తడతాయి.

హైవే మీద ఆ బండి బంగారం. గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు ఎనభైలో పోతుంటే వెన్నలో కత్తి దిగినట్టు ఉంటుంది. అవస్థంతా మెల్లిగా పోయేప్పుడే. ఫస్టు గేరులో, సెకండ్ గేరులో, ట్రాఫిక్‌లో, సందుల్లో జర్కులు. యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ముందుకి తోసేస్తుంది, కొంచెం పట్టుకుంటే వెనక్కి గుంజుతుంది. నిలబెట్టి ఉంచితే ఐడ్లింగు ఒకసారి వెయ్యికి పడిపోతుంది, ఒకసారి పదిహేను వందలకి లేస్తుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర క్లచ్ పట్టుకున్నామా, ఠపీమని ఆగిపోతుంది.

పోయిన ఏడాది ఏప్రిల్ 14న మా పల్లెలో జయంతి సభకి పోతున్నాను. మా పల్లెకి దారి ఊరి మధ్యలోంచే. రామాలయం, దాని ముందు సిమెంటు అరుగు, అరుగు మీద ఎప్పుడూ నలుగురైదుగురు, అరుగుకి ఎదురుగా స్పీడ్ బ్రేకరు. సరిగ్గా అక్కడ ఆగింది. బటన్ నొక్కాను, అంటుకుని ఆగింది. మళ్లీ నొక్కాను. అరుగు మీంచి ఒక గొంతు: "ఏరా, నువ్వు ఫలానావాడి కొడుకువి గదూ? ఇంత బండి కొన్నావు, అందులో పెట్రోలు కొట్టించుకోలా?" మిగతావాళ్లు నవ్వారు. పెద్ద నవ్వు కూడా కాదు, పొద్దుపోని నవ్వు. ఆ "ఏరా" నన్ను అన్నది నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు.

దిగి నెట్టుకుంటూ పోయాను. రెండు వందల కిలోలకి పైన బరువు. ఏప్రిల్ ఎండ. మా తాత చెప్పులు చేతబట్టుకుని నడిచిన బజారది. పల్లె మొదట్లో మా పిల్లలు పరుగెత్తుకొచ్చి వెనకనుంచి తోశారు. ఆ సభలో నేను ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. వీడియో ఉంది, చూడబుద్ధి కాదు.

సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి రిసెప్షన్‌లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "ఓనరు గారిని ఫోన్లో కలుపుతావా" అన్నాడు. నేనే ఓనర్నని చెప్పాక "సారీ సార్" అన్నాడులెండి. మూడుసార్లూ ఒకటే మాట: "కంప్యూటర్ పెట్టి చూశాం సార్, ఎర్రర్ ఏమీ లేదు." మొదటిసారి ఐడ్లింగు పెంచి పంపారు. రెండోసారి గాలి స్క్రూలు ఏవో తిప్పినట్టున్నారు, జర్కులు ఇంకా పెరిగాయి. మూడోసారి "పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు సార్, ఈ బళ్లన్నీ ఇంతే" అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇరవై శాతం కలిపిన పెట్రోలు వేస్తే పాత బండిలో మిశ్రమం కాస్త పలచబడుతుంది. కానీ ఆ పెట్రోలే హైవే మీదా కాలుతోంది కదా, అక్కడ లేని రోగం సందులో ఎందుకొస్తుంది? అడిగితే బిల్లు చేతిలో పెట్టారు.

ఫిర్యాదు చేస్తే "రికార్డులో ఏమీ లేదు" అనే జవాబు మన పిల్లలు యూనివర్సిటీల్లో వినీ వినీ ఉన్నారు. నాకూ ఆ మాట కొత్త కాదు.

చివరికి ఆటోనగర్‌లో ఒక భాయ్ దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. రాజ్‌దూత్‌ల కాలం నుంచీ బళ్లు విప్పుతున్నాడు. షెడ్డంటే షెడ్డే, నాలుగు రేకులు, ఒక ట్యూబులైటు. బండి స్టార్టు చేయించి, తను ఏమీ ముట్టుకోకుండా రెండు నిమిషాలు విన్నాడు. తర్వాత రెండు సైలెన్సర్ గొట్టాల దగ్గరా, ఇంజను నుంచి బయటికి వచ్చేచోట, చిటికెడు నీళ్లు చిలకరించాడు. ఒకవైపు చుయ్యిమని ఎగిరిపోయాయి, రెండోవైపు కొంచెం ఆలస్యంగా. "మేష్టారూ, రెండూ ఒకటిగా పని చెయ్యట్లా. ఒకడు ఈడుస్తున్నాడు, ఒకడు మోస్తున్నాడు. ఆదివారం రండి. మీరే విప్పండి, నేను చెప్తా. నా నడుం వంగట్లా."

ఇక్కడ ఇంజను సంగతి కాస్త చెప్పాలి. తెలుగు మాష్టారు చెప్పే ఇంజనీరింగు, తప్పులుంటే మన డిప్లొమా తమ్ముళ్లు దిద్దండి.

రెండు సిలిండర్లకి రెండు గాలి దారులు. ఒక్కో దారిలో గుండ్రటి రేకు తలుపు ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే రెండు తలుపులూ కలిసి తెరుచుకోవాలి. పెట్రోలు చల్లేది ఇంజెక్టరు, ఎంత చల్లాలో చెప్పేది చిన్న కంప్యూటరు. తూకంలో ఒక వంతు పెట్రోలుకి సుమారు 14.7 వంతుల గాలి ఉంటే పూర్తిగా కాలుతుంది. నా బండిలో కంప్యూటరు తలుపు ఎంత తెరుచుకుందో చూసి రెండు సిలిండర్లకీ ఒకే లెక్కన పెట్రోలు చల్లిస్తుంది. రెండింటికీ గాలి సమానంగా అందుతోందన్నది దాని నమ్మకం. అందకపోతే? ఎక్కువ గాలి వెళ్లిన సిలిండరులో మంట పలచబడుతుంది, తక్కువ వెళ్లినదాంట్లో పొగచూరుతుంది. ఇది కనిపెట్టడానికి పొగగొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సరు ఉంది. కానీ అది ఉన్నది రెండు గొట్టాలూ కలిసిన చోట! ఒకదాని లేమీ ఇంకొకదాని మిగులూ కలిసిపోయాక అది చూసేది సగటుని. సగటు బాగానే ఉంది, కాబట్టి ఎర్రర్ లేదు.

సగటు అన్న మాట దగ్గర నేను స్పానరు పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఊరి సగటు ఆదాయం, ఊరి సగటు అక్షరాస్యత, ఊరికి సగటున ఇన్ని కుళాయిలు. ఊరినీ పల్లెనీ కలిపేసిన తర్వాత తీసే లెక్కలన్నీ ఆ సెన్సరు లెక్కలే.

మరి స్పీడులో ఎందుకు తెలియదంటే, బండి నిలబడి ఉన్నప్పుడు ఆ తలుపులు వెంట్రుక మందం తెరుచుకుని ఉంటాయి. అక్కడ ఒకవైపు ఇంకొక వెంట్రుక మందం తేడా వస్తే గాలి దాదాపు రెట్టింపు. అదే హైవే మీద తలుపులు బార్లా తెరిచి ఉన్నప్పుడు ఆ వెంట్రుక తేడా లెక్కలోకే రాదు. దానికి తోడు నా బండి క్రాంకు 180 డిగ్రీలది. అంటే రెండు సిలిండర్లూ సమానమైన ఎడంతో పేలవు. ఒకటి పేలాక 180 డిగ్రీలకే రెండోది, ఆ తర్వాత 540 డిగ్రీల పాటు ఏమీ లేదు. వేగంలో ఆ ఎడం తెలియదు. మెల్లిగా పోయేప్పుడు ఆ ఖాళీలో బండి ఊపిరి ఆగినట్టవుతుంది. ఆ రెండు పేలుళ్లలో ఒకటి బలహీనమైందా, ఇక గుంజుళ్లే.

హైవే మీద నా కులం ఎవడికీ తెలియదు. హెల్మెట్ పెట్టుకుని ఎనభైలో పోయేవాణ్ని ఎవడూ ఆపి "మీరేవిట్లండీ" అని అడగడు. మెల్లిగా పోవాల్సిన చోట్లే, మొహాలు కనపడే చోట్లే అంతా. అరుగు ముందు, స్టాఫ్ రూములో, అద్దె ఇల్లు అడిగేచోట. 1985లో కారంచేడులో మొదలైంది చెరువు నీళ్ల దగ్గర. 1991లో చుండూరులో మాట మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిన దగ్గర. అది తెలియాలంటే మెల్లిగా నడిచి చూడాలి.

సరే, ఆదివారం. నాకు తోడుగా హాస్టల్ నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. ఐటీఐ చేసి తర్వాత బీఏలో చేరినవాడు, నాకంటే వాడికే బాగా తెలుసు. భాయ్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. ముందు చైను వదులు చూడమన్నాడు, యాక్సిలరేటర్ కేబులు ఆట చూడమన్నాడు. చైను సాగినా, కేబులు వదులైనా ఇలాంటి జర్కులే వస్తాయట. అవి చూడకుండా ఇంజను విప్పేవాడు గాడిద అన్నాడు. కేబులు వదులుగానే ఉంది, రెండు మూడు మిల్లీమీటర్ల ఆటకి బిగించాం. తర్వాత చల్లటి ఇంజను మీద వాల్వు సందులు కొలిచాం, పుస్తకంలో ఉన్న కొలతల్లోనే ఉన్నాయి. అవి తేడాగా ఉంటే మిగతా సర్దుబాటంతా వృథా అట.

ప్లగ్గులు తీశాం. నేను రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చూశాను. ఎడమది సున్నంలా తెల్లగా. కుడిది కుంపటి అడుగులా నల్లగా. ఒకే ఇంజనులో, ఒకే ట్యాంకు పెట్రోలు తాగిన రెండు ప్లగ్గులు. "ఎర్రర్ ఏమీ లేదు" అన్నది వీటినే.

తెల్లగా ఉందంటే ఆ వైపు గాలి ఎక్కువ వెళ్తోంది. ఎక్కణ్నుంచి? ప్లగ్గులు మార్చి బండి స్టార్టు చేసి, నీళ్ల స్ప్రే డబ్బాతో ఎడమవైపు రబ్బరు గొట్టం చుట్టూ కొంచెం కొంచెంగా కొట్టించాడు. కొందరు కార్బురేటర్ క్లీనర్ కొడతారట, వేడి సైలెన్సర్ మీద పడితే అంటుకుంటుంది, నీళ్లు చాలన్నాడు. ఒకచోట నీళ్లు తగలగానే ఇంజను గొంతు మారింది. అక్కడొక చిన్న రాగి ముక్కు, దానికి రబ్బరు టోపీ. వాక్యూమ్ కొలవడానికి కంపెనీవాళ్లు పెట్టిన ముక్కు అది. ఆ టోపీ ఎండకీ వేడికీ పగిలి నోరు తెరిచింది. పది రూపాయల రబ్బరు ముక్క. ఏడాదిగా ఆ పగుల్లోంచి దొంగగాలి పోతుంటే, దాన్ని చూడకుండా పైన స్క్రూలు తిప్పుతూ పోయారు.

టోపీ మారిస్తే అయిపోతుందనుకున్నాను. కాలేదు. పగులుకి తగ్గట్టు ఎవరో తిప్పిన స్క్రూలు అలాగే ఉన్నాయి కదా! పగులు మూశాక ఆ తిప్పుళ్లే కొత్త తేడా అయ్యాయి. రెండు సిలిండర్లనీ మళ్లీ సమం చెయ్యాలి. దానికి గేజులు అమ్ముతారు. భాయ్ దగ్గరున్న గేజు మాత్రం ఒక చెక్క పలక, దాని మీద యూ ఆకారంలో మేకులతో బిగించిన సెలైన్ పైపు, అందులో సగం దాకా ఇంజనాయిలు. పైపు రెండు కొసలూ రెండు గాలి దారుల ముక్కులకి తగిలించాలి. ఏ వైపు పీల్పు ఎక్కువైతే నూనె ఆ వైపుకి ఎక్కుతుంది. తలుపు ఎక్కువ మూసుకున్న వైపు పీల్పు ఎక్కువ. ఇంజను పేలుళ్లకి నూనె ఎగిరెగిరి పడకుండా పాత స్కూటర్ కార్బురేటర్ జెట్లు రెండు, సూది మొన బెజ్జం ఉన్నవి, పైపు కొసల్లో ఇరికించాడు. పైపు బాగా పొడుగ్గా ఉండాలి, తేడా మరీ ఎక్కువైతే నూనె ఎక్కి ఇంజనులోకి పోతుంది. నూనె పైకి పాకడం చూడగానే మావాడు చటుక్కున స్విచ్ కట్టేశాడు. రెండుసార్లు అలా అయింది.

ఇంజను బాగా వేడెక్కాక, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక, కుడివైపు గాలి స్క్రూని అర పావు వంతు తిప్పి ఆగడం. నూనె స్థిమితపడేదాకా చూడడం. మళ్లీ అర పావు. "రంగు పూసిన స్క్రూ జోలికి పోబాకండి, అది కంపెనీవాడు పెట్టిన సీలు" అని భాయ్ రెండుసార్లు చెప్పాడు. గంటన్నర పట్టింది, మధ్యలో ఇంజను కాగిపోతుంటే ఆపి చల్లార్చుకుంటూ. ఒకచోట నూనె రెండు వైపులా ఒకే ఎత్తున నిలబడింది. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే కాస్త ఊగి మళ్లీ అక్కడికే వచ్చింది. మూడు వేల దగ్గర పట్టుకుని చూశాం, అక్కడా సమంగానే ఉంది. ఐడ్లింగు పదమూడు వందలకి సర్దాం. అప్పుడు వినపడిన శబ్దం నేను ఆ బండి కొన్నాక ఎప్పుడూ వినలేదు.

భాయ్ నా చేతులకేసి చూసి "మీ నాన్న ఏం పని మేష్టారూ" అన్నాడు. "చెప్పులు కుట్టేవాడు" అన్నాను. "అనుకున్నా. చెయ్యి తొందరపడట్లా."

ఆ మాటకి నాకు ఒళ్లు పొంగింది. నిజం దాచను. తర్వాత ఇంటికి పోతూ ఆ పొంగునే అనుమానించాను. పని రక్తంలో ఉంటుందన్నది ఎవరి సిద్ధాంతం? 'కుల నిర్మూలన'లో శ్రమ విభజన గురించిన భాగం ఏటా క్లాసులో చెప్పేవాణ్ని, ఒక మెప్పు మాటకి దాన్నే మర్చిపోయానా? నా చెయ్యి తొందరపడకపోవడానికి కారణం వేరే. ఎనిమిదో తరగతి దాకా వేసవి సెలవుల్లో నాన్న పక్కన కూర్చుని ఆరె పట్టుకున్నాను. తోలు ఎంత తడి ఉంటే ఆరె దిగుతుందో బొటనవేలితో నొక్కి చూడటం ఆయన నేర్పాడు. అది నేర్పు, నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. తొమ్మిదిలోకి వచ్చిన రోజు నా చేతిలోంచి ఆరె లాక్కుని "ఇంక పుస్తకం తప్ప ఏదీ ముట్టుకోబాక" అన్నాడు. ఆ కోపం నాకు పాతికేళ్ల తర్వాత అర్థమైంది. ఆయన పనిని అసహ్యించుకోలేదు, ఆ పనిని మన మీద రుద్దినవాళ్లని అసహ్యించుకున్నాడు. నేను మాత్రం ఆ రెండూ కలిపేసుకుని, డాక్టరేటు అయ్యాక చేతికి నూనె అంటితే నామోషీగా బతికాను. లంద గురించి, తంగేడు చెక్క గురించి పేజీలకి పేజీలు థీసిస్‌లో రాసినవాణ్ని, ట్యూబు పంక్చరైతే ఫోను చేసేవాణ్ని. పుస్తకం మనకి ప్రాణమే తమ్ముళ్లూ, వదలొద్దు. కానీ చేతిపనిని చిన్నచూపు చూసే రోగం మనం కనిపెట్టింది కాదు, దాన్ని డిగ్రీతో పాటు మోసుకు రావక్కర్లేదు.

భాయ్ డబ్బులు తక్కువ చెప్పాడు. ఎక్కువ ఇచ్చాను. మావాడికి బిర్యానీ.

ఈ ఏడాది ఏప్రిల్ 14న నాన్నని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను. మోకాళ్లు వంగవు, ఎక్కించడానికి ఇద్దరు పట్టారు. ఊరి మొదట్లో నేను అలవాటుగా గేరు మార్చి స్పీడు పెంచబోయాను, అరుగు తొందరగా దాటేద్దామని. వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

"మెల్లిగా పోనీరా అబ్బాయ్."

సెకండ్ గేరు. పదిహేను వందలు కూడా లేదు. రామాలయం, అరుగు, స్పీడ్ బ్రేకరు. క్లచ్ పట్టుకుంటే ఐడ్లింగు పదమూడు వందల దగ్గర నిలబడింది. అరుగు మీద పోయినేటి మనుషులే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన నాన్నని పేరుపెట్టి పలకరించబోయి ఆగాడు, నాన్న తలూపాడు. నేను మామూలుగా నడిచేవాడి కంటే కాస్త వేగంగా, అంతే, పల్లెలోకి తీసుకెళ్లాను.

దిగాక ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంజనుకేసి చూడలేదు. సీటు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు, అంచు వెంట కుట్టు తడిమాడు.

"ఇది తోలు కాదురా, రెక్సిను. కుట్టు కూడా ఒంటి పేట. రెండేళ్లలో విచ్చుకుంటది."

వచ్చే సెలవుల్లో అసలు తోలుతో కుట్టిపెడతానన్నాడు. పాత ఆరె ఎక్కడుందో అమ్మని అడుగుతున్నాడు.